ఒక దేశ జనాభాను యాభై ఏళ్ళు ముందుకు లెక్కకట్టడం ఎలా

ఒక దేశంలో ఇవాళ ఇంతమంది ఉన్నారు, ఏడాదికి ఒక శాతం చొప్పున పెరుగుతున్నారు, కాబట్టి యాభై ఏళ్ళకు ఇంతమంది అవుతారు. చక్రవడ్డీ తెలిసిన ఎవరైనా ఈ లెక్క చేసేస్తారు. రెండు మూడేళ్ళ దూరానికైతే అది పెద్దగా తప్పదు కూడా. యాభై ఏళ్ళకు మాత్రం ఎందుకూ పనికిరాదు. ఇరవై అయిదేళ్ళ స్త్రీకి బిడ్డ పుట్టవచ్చు, అరవై ఏళ్ళ స్త్రీకి పుట్టదు. ఎనభై ఏళ్ళ మనిషి వచ్చే అయిదేళ్ళలో చనిపోయే అవకాశం ఎక్కువ, పదేళ్ళ పిల్లవాడికి అది చాలా తక్కువ. దేశం వదిలి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఇరవైల్లోనో ముప్ఫైల్లోనో ఉంటారు. పుట్టుక, చావు, వలస మూడూ వయసును బట్టే నడుస్తాయి. ఆ వయసులన్నీ కలిపి ఒకే అంకె చేసేస్తే మనకు కావలసిన సమాచారం అక్కడే పోతుంది.

అందుకే ఈ పని నేర్చుకుంటామని వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే: మొత్తాన్ని ముందుకు జరపకండి, వయసుల్ని జరపండి. 2065లో నలభై దాటి ఉండబోయే ప్రతి మనిషీ 2025 నాటికే పుట్టి ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది బతికి ఉంటారు, ఎంతమంది ఆ దేశంలోనే ఉంటారు అన్నవే మిగిలిన ప్రశ్నలు. అలా చూస్తే భవిష్యత్తులో సగం మనకు ముందే తెలిసి ఉంది.

దీన్ని కోహార్ట్ కాంపొనెంట్ పద్ధతి అంటారు. ఒకే కాలంలో పుట్టిన గుంపు కోహార్ట్. పుట్టుక, చావు, వలస కాంపొనెంట్లు. ఇంగ్లండ్ ఆర్థికవేత్త ఎడ్విన్ కానన్ 1895లోనే ఇంగ్లండ్, వేల్స్ జనాభాకు ఇలా వయసులవారీగా లెక్క కట్టాడు. 1945లో బ్రిటన్‌కు చెందిన ప్యాట్రిక్ లెస్లీ దీన్ని మాట్రిక్స్ (అడ్డు, నిలువు వరుసల్లో పేర్చిన అంకెల పట్టిక) రూపంలో రాశాడు. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి వాడే లెక్కలకూ ఇదే అస్థిపంజరం. మీకు కావలసింది ఒక ఎక్సెల్ ఫైలు, కాస్త ఓపిక.

షీట్ వేసుకోవడం

నిలువుగా వయసులు రాయండి: 0–4, 5–9, 10–14, అలా 95–99 దాకా, చివర 100+. అడ్డంగా సంవత్సరాలు: 2025, 2030, 2035. వయసు గుంపు అయిదేళ్ళది కాబట్టి అడుగు కూడా అయిదేళ్ళదే ఉండాలి. అప్పుడే 20–24లో ఉన్నవాళ్ళు పూర్తిగా 25–29లోకి జరుగుతారు. ఆడవాళ్ళకు ఒక షీట్, మగవాళ్ళకు ఒక షీట్. ఊహలన్నీ, అంటే చావు, వలస, పుట్టుకల రేట్లు ముందు ముందు ఇలా ఉంటాయని మనం అనుకునే అంకెలన్నీ, వేరే షీట్లో. ఊహల షీట్లో తప్ప ఇంకెక్కడా చేత్తో అంకె టైపు చెయ్యకూడదని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆరు నెలల తర్వాత ఆ అంకె ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. చాలామంది చివరి గడిని 80+ దగ్గర ఆపేస్తారు. అలా చెయ్యకండి. రాబోయే దశాబ్దాల్లో అన్నిటికన్నా వేగంగా పెరిగే గుంపు అదే. దాన్ని ఒకే గడిలో కుక్కేస్తే అసలు కథ కనబడదు.

మొదటి కాలమ్‌లో పెట్టే సెన్సస్ అంకెల్ని నేరుగా నమ్మవద్దు. పసిపిల్లల్ని లెక్కించకుండా వదిలేయడం దాదాపు ప్రతి దేశంలోనూ జరుగుతుంది. వయసు సరిగ్గా తెలియనివాళ్ళు 30, 40, 50 అని గుండుగా చెబుతారు, అందువల్ల సున్నాతో ముగిసే వయసుల దగ్గర జనం పోగుపడతారు. నేను మొదట చేసే పరీక్ష చాలా సులువైనది. పదేళ్ళ కిందటి సెన్సస్‌లో 0–4లో ఉన్నవాళ్ళు ఇప్పుడు 10–14లో ఉండాలి. బయటినుంచి వచ్చేవాళ్ళు పెద్దగా లేని దేశంలో ఇప్పటి సంఖ్య అప్పటికన్నా ఎక్కువగా కనిపిస్తే, అప్పుడు పిల్లల్ని వదిలేశారన్నమాట. ఈసారి 0–4ను కూడా ఆ మేరకు పెంచుకోవాలి. బర్త్ రిజిస్ట్రేషన్ లెక్కలు, బడిలో చేరిన పిల్లల లెక్కలు దొరికితే వాటితోనూ సరిచూడండి. ఇది చాదస్తంలా అనిపించవచ్చు. కానీ ఇవాళ లెక్కలో తప్పిపోయిన ఆడపిల్లలు పాతికేళ్ళ తర్వాత మీ లెక్కలో తప్పిపోయిన తల్లులు అవుతారు, వాళ్ళకు పుట్టవలసిన పిల్లలూ తప్పిపోతారు.

చావులు

నేను ఎప్పుడూ మరణాలతో మొదలుపెడతాను. మూడింటిలో నిదానమైనది ఇదే. దీనికి లైఫ్ టేబుల్ కావాలి. అందులో పెద్ద ఎల్ అనే కాలమ్ ఉంటుంది: ఒక లక్షమంది పుడితే, ఒక్కో వయసు గుంపులో వాళ్ళంతా కలిసి ఎన్నేళ్ళు జీవిస్తారో ఆ కాలమ్ చెబుతుంది. 25–29 దగ్గరి అంకెను 20–24 దగ్గరి అంకెతో భాగిస్తే వచ్చేది మనుగడ నిష్పత్తి. అది 0.996 అనుకుందాం. 20–24లో ఉన్న 5,00,000 మంది ఆడవాళ్ళలో 4,98,000 మంది అయిదేళ్ళ తర్వాత 25–29లో ఉంటారు. ప్రతి గుంపుకూ ఇదే పని. చివరి గడి ఒక్కటే వేరు: 95–99, 100+ రెండు గుంపుల్నీ కలిపి, టీ కాలమ్‌లో (ఒక వయసు నుంచి చివరిదాకా ఎల్ అంకెలన్నీ కూడితే వచ్చేది) 100 దగ్గరి అంకెను 95 దగ్గరి అంకెతో భాగించి, దానితో గుణించాలి. లైఫ్ టేబుళ్ళు ఐక్యరాజ్యసమితి సైట్‌లో దాదాపు అన్ని దేశాలకూ ఉచితంగా దొరుకుతాయి. మరణాల నమోదు సరిగా లేని దేశాలకు కోల్, డెమెనీ 1966లో తయారుచేసిన నమూనా టేబుళ్ళు ఇప్పటికీ పనికొస్తాయి.

ఇక ఆయుర్దాయం ముందు ముందు ఎలా మారుతుందో ఊహించాలి. ప్రపంచ సగటు 2024లో దాదాపు 73.3 ఏళ్ళు. అన్నిటికన్నా ముందున్న దేశంలో స్త్రీల ఆయుర్దాయం 1840 నుంచి ఏడాదికి దాదాపు మూడు నెలల చొప్పున పెరుగుతూ వచ్చిందని ఎప్పెన్, వోపెల్ 2002లో చూపించారు. ఇక పెరగదు, ఇదే హద్దు అని నిపుణులు గీసిన గీతల్ని అది ఒక్కొక్కటిగా దాటేసింది. అందుకని నేను ఆయుర్దాయాన్ని ఇవాళ్టి స్థాయిలో ఆపేసిన లెక్కను ఒప్పుకోను. అలా ఆపేస్తే ముసలివాళ్ళ సంఖ్య బాగా తగ్గి కనిపిస్తుంది, పెన్షన్ల లెక్కలు తల్లకిందులవుతాయి.

అయితే ఆయుర్దాయం ఎంత పెరిగింది అన్నదాని కన్నా ఏ వయసులో పెరిగింది అన్నది ముఖ్యం. శిశుమరణాలు ఎక్కువగా ఉన్న దేశంలో అయిదేళ్ళు పెరిగిందంటే పసిపిల్లలు బతుకుతున్నారని అర్థం. బతికిన ఆడపిల్ల పెద్దదై తల్లవుతుంది. అంటే అక్కడ మరణాలు తగ్గడం జనాభా మీద జననాలు పెరిగినట్టే పనిచేస్తుంది. ఆ పని అప్పటికే అయిపోయిన దేశంలో అదే అయిదేళ్ళ పెరుగుదల అంతా అరవై దాటినవాళ్ళ దగ్గరే పడుతుంది. జనాభా పెరుగుతుంది గాని కొత్తగా ఒక్క పుట్టుకా చేరదు. ఆయుర్దాయం ఒకే విధంగా పెరిగిన రెండు దేశాల పిరమిడ్లు (వయసు గుంపుల్ని కిందినుంచి పైకి పేర్చిన బొమ్మలు) వేసి పక్కపక్కన పెడితే పోలికే ఉండదు.

ఉపద్రవాల గురించి తప్పకుండా అడుగుతారు. కోవిడ్ వల్ల ప్రపంచ ఆయుర్దాయం రెండేళ్ళకు కాస్త తక్కువగా పడిపోయింది, కొద్దికాలంలోనే తిరిగి కోలుకుంది. యాభై ఏళ్ళ లెక్కలో అది చిన్న నొక్కు మాత్రమే. సోవియట్ యూనియన్ కూలిపోయాక రష్యాలో జరిగింది వేరు. 1994లో అక్కడ మగవాళ్ళ ఆయుర్దాయం 58 ఏళ్ళకన్నా కిందికి దిగింది, పనిచేసే వయసువాళ్ళు చనిపోయారు, కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఉపద్రవం ఎన్నాళ్ళుంది, ఏ వయసువాళ్ళను తీసుకుపోయింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు వెతకండి. దాన్ని బట్టి ఊహను మార్చుకోండి.

వలస

చాలామంది ఇక్కడ సున్నా వేసి దాటిపోతారు. డేటా లేదంటారు, రాజకీయం అంటారు, ఊహించలేం అంటారు. మూడూ నిజమే. అయినా సున్నా అనేది తటస్థమైన అంకె కాదు, అది కూడా ఒక ఊహే, తరచుగా అన్నిటికన్నా చెడ్డ ఊహ. స్పెయిన్‌ను చూడండి. 2000 ప్రాంతంలో అక్కడ నాలుగు కోట్ల మంది. పుట్టుకల రేటు అప్పటికే యూరప్‌లో అట్టడుగున ఉంది కాబట్టి ఇక తగ్గుదలే అనుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి నాలుగు కోట్ల అరవై లక్షలు దాటారు. వచ్చి చేరినవాళ్ళ వల్లే. కెనడా జనాభా 2023లో 3 శాతానికి పైగా పెరిగింది, అందులో దాదాపు అంతా వలసే; మరుసటి ఏడే ప్రభుత్వం తాత్కాలిక వలసల మీద పరిమితులు పెట్టింది. పుట్టుకల రేటు ఇలా ఏడాదిలో తలకిందులు కాదు. వలస అవుతుంది, ఎందుకంటే ఒక చట్టం, ఒక యుద్ధం, ఒక ఆర్థిక మాంద్యం చాలు. జర్మనీలోకి 2015లో వచ్చినవాళ్ళ సంఖ్యలోంచి పోయినవాళ్ళ సంఖ్య తీసేసినా పదకొండు లక్షలు మిగిలారు.

వచ్చినవాళ్ళలోంచి పోయినవాళ్ళను తీసేస్తే మిగిలేది నికర వలస. షీట్లో దీన్ని ఇలా పెట్టండి. 20–24 ఏళ్ళ ఆడవాళ్ళు అయిదేళ్ళలో నికరంగా 10,000 మంది వస్తారనుకుందాం. వాళ్ళంతా మొదటి రోజునే రారు, చివరి రోజునా రారు. కాబట్టి సగం మందిని మొదట్లో కలిపి, సగం మందిని చివర్లో కలుపుతాం. 5,00,000కు 5,000 కలిపి 0.996తో గుణిస్తే 5,02,980. దానికి మరో 5,000 కలిపితే 5,07,980. ఇదే 2030లో 25–29 గడి.

ఆ 10,000 ఎక్కడినుంచి తెచ్చాం అన్నదే అసలు పని. దేశం మొత్తానికి నికర వలస ఒక అంకె దొరికితే దాన్ని అన్ని వయసులకూ సమానంగా పంచకండి. రోజర్స్, కాస్ట్రో 1981లో చూపించినట్టు వలసకు దాదాపు ప్రతిచోటా ఒకే ఆకారం ఉంటుంది: ఇరవైల్లో పెద్ద శిఖరం, తల్లిదండ్రులతో పాటు కదిలే చిన్నపిల్లల దగ్గర ఇంకో ఎత్తు, కొన్ని దేశాల్లో రిటైరయ్యే వయసు దగ్గర చిన్న గుట్ట. వీలైతే రాకలకు ఒక ఆకారం, పోకలకు ఒక ఆకారం వేరువేరుగా పెట్టుకోండి. ఒక దేశంలోకి లక్షమంది యువతీయువకులు వచ్చి, లక్షమంది పెద్దవాళ్ళు వెళ్ళిపోతే నికర వలస సున్నా. కానీ ఆ దేశానికి లక్షమంది కాబోయే తల్లిదండ్రులు చేరారు. మొత్తాన్నే చూసేవాళ్ళకు ఇది కనబడనే కనబడదు.

గల్ఫ్ దేశాల లెక్క చేసేటప్పుడు నేను ప్రత్యేకంగా జాగ్రత్తపడే విషయం ఒకటుంది. కతార్ జనాభా 2004లో దాదాపు ఏడున్నర లక్షలు, 2020 సెన్సస్‌లో 28 లక్షలు దాటింది. ఎక్కువమంది పనికోసం వచ్చిన మగవాళ్ళు. స్త్రీలకన్నా పురుషులు రెండింతలకు పైగా. మామూలు పద్ధతిలో లెక్క నడిపితే ఈ ముప్ఫై ఏళ్ళ కార్మికులంతా అక్కడే ఉండి, 2060 నాటికి లక్షల మంది వృద్ధులుగా మారినట్టు షీట్ చూపిస్తుంది. అలాంటి వృద్ధులు అక్కడ ఉండరు. కాంట్రాక్టు అయిపోగానే వాళ్ళు సొంత దేశాలకు వెళ్ళిపోతారు, వాళ్ళ స్థానంలో కొత్త యువకులు వస్తారు. కాబట్టి ఇలాంటి దేశాలకు నలభైలు, యాభైల దగ్గర పోకల్ని విడిగా, పెద్దగా పెట్టాలి. లేదా పౌరులకు ఒక లెక్క, వలస కార్మికులకు ఒక లెక్క నడిపి చివర్లో కలపాలి. నేను రెండోదే ఇష్టపడతాను. పని ఎక్కువే, కానీ ఊహలు స్పష్టంగా కనిపిస్తాయి.

పంపించే దేశం వైపు చూస్తే నష్టం రెండుసార్లు పడుతుంది. బల్గేరియాలో 1980ల చివర్లో 90 లక్షలకు దగ్గరగా జనం ఉండేవారు. 2021 సెన్సస్ నాటికి 65 లక్షలే. 1990ల్లో పుట్టుకలు పడిపోవడం ఒక కారణం, యువత వెళ్ళిపోవడం ఇంకో కారణం. వెళ్ళిన యువతితో పాటు ఆమెకు పుట్టబోయే పిల్లలూ, వాళ్ళకు పుట్టబోయేవాళ్ళూ వెళ్ళిపోయారు. తర్వాత స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య కోలుకున్నా తల్లులే తక్కువైనప్పుడు పుట్టుకలు పెరగవు. వలస సున్నా అని వేసిన లెక్కనూ, వలస ఉన్న లెక్కనూ పోల్చేటప్పుడు పుట్టుకల తేడాను కూడా వలస ఖాతాలోనే రాయండి. అప్పుడే దాని బరువు తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల ప్రకారం 2054 వరకు 52 దేశాల్లో జనాభా పెరుగుదలకు ముఖ్య ఆధారం వలసే.

ఎంత దూరం వరకు ఏ అంకె వెయ్యాలి? నా పద్ధతి చెబుతాను. గత పదిహేను ఇరవై ఏళ్ళ సగటు తీసుకుంటాను, ఆ మధ్యలో యుద్ధం లాంటి అసాధారణ సంవత్సరాలుంటే వాటిని విడిగా చూస్తాను. నిన్నటి ఏడాది అంకెను యాభై ఏళ్ళకు ఎప్పుడూ పొడిగించను. ఒకేసారి చాలా దేశాలకు లెక్క చేస్తుంటే ఇంకో తనిఖీ: ప్రపంచం మొత్తానికి నికర వలసలు కూడితే సున్నా రావాలి. ఒక దేశంలోకి వచ్చినవాళ్ళు ఇంకో దేశంనుంచి పోయి ఉండాలి కదా.

పుట్టుకలు

లెక్కలో పుట్టుకలు చివర్లో వస్తాయి. తల్లులు ఎంతమందో తేలితే గాని పిల్లలు ఎంతమందో తేలదు. 15 నుంచి 49 దాకా ఏడు గుంపులు. ఒక్కో గుంపులో ఏడాదికి ఒక స్త్రీకి సగటున ఎన్ని జననాలో ఆ రేట్లు కావాలి. ఉదాహరణకు వరుసగా 0.02, 0.10, 0.12, 0.08, 0.04, 0.015, 0.005. కూడితే 0.38. ఒక్కో గుంపులో స్త్రీ అయిదేళ్ళు గడుపుతుంది కాబట్టి అయిదుతో గుణిస్తే 1.9. వార్తల్లో సంతానోత్పత్తి రేటు అని, టీఎఫ్ఆర్ అని కనిపించేది ఇదే.

ఇప్పుడు 25–29 గుంపు చూద్దాం. అయిదేళ్ళ మొదట్లో ఇందులో 4,92,020 మంది స్త్రీలు ఉన్నారనుకుందాం. చివర్లో 5,07,980 అని పైన తేలింది. సగటు 5,00,000. దీన్ని 0.12తో, తర్వాత అయిదుతో గుణిస్తే 3,00,000 జననాలు. ఏడు గుంపులకూ ఇలా చేసి కూడాలి. సాధారణంగా వంద మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు పుడతారు. కాబట్టి 3,00,000ను 205తో భాగించి 100తో గుణిస్తే ఆడపిల్లలు 1,46,341. వీళ్ళందరూ అయిదేళ్ళ చివరిదాకా ఉండరు. పుట్టినవాళ్ళ మనుగడ నిష్పత్తి 0.97 అయితే 2030లో 0–4 గడికి ఈ తల్లుల నుంచి చేరేది 1,41,951 మంది. చిన్నపిల్లల వలస ఉంటే అదీ కలపండి. ఒక అడుగు పూర్తయింది. యాభై ఏళ్ళు పూర్తవ్వాలంటే ఇదే అడుగు ఇంకో తొమ్మిదిసార్లు.

జనాభా తనను తాను భర్తీ చేసుకోవాలంటే టీఎఫ్ఆర్ 2.1 ఉండాలని అందరూ కంఠతా పట్టేస్తారు. అది మరణాలు తక్కువగా ఉన్న చోట మాత్రమే నిజం. ఒక ఆడపిల్ల పుట్టాలంటే సగటున 2.05 జననాలు కావాలి (పైన చూసిన 205ను 100తో భాగిస్తే వచ్చేది). పుట్టిన ఆడపిల్లల్లో నూటికి 98 మంది తల్లి వయసుకు చేరే దేశంలో ఆ 2.05ను 0.98తో భాగిస్తే 2.09. నూటికి 85 మందే చేరే దేశంలో 2.4 కావాలి. ఆడపిల్లల్ని పుట్టకముందే తొలగించే చోట ఇంకా ఎక్కువ కావాలి. మీ దేశానికి సరిపోయే అంకెను మీరే లెక్కకట్టుకోండి.

టీఎఫ్ఆర్‌లో చిన్న తేడా తరాలు గడిచేకొద్దీ ఎంత పెద్దదవుతుందో ఊహకు అందదు. దక్షిణ కొరియాలో 1970లో 4.5 ఉన్న రేటు 2023లో 0.72కు పడింది, 2024లో 0.75. 0.72 అలాగే కొనసాగితే, యాభై మంది ఆడవాళ్ళూ యాభై మంది మగవాళ్ళూ ఉన్న వందమందికి పిల్లలు 36 మంది, మనవలు 13 మంది. వందమందికి పదమూడు మంది. ఈ అంకె రాసిన ప్రతిసారీ నాకు ఆ దేశపు ఖాళీ బడులే గుర్తొస్తాయి. అందుకే ఐక్యరాజ్యసమితి తన మధ్యస్థ అంచనాకు పైన అర బిడ్డ, కింద అర బిడ్డ చొప్పున తేడా పెట్టి రెండు అంచనాలు అదనంగా ఇస్తుంది. 2050 నాటికి ఆ మూడు గీతలు ఒక మోస్తరుగా విడిపోతాయి. 2100కు వచ్చేసరికి అవి మూడు వేరు వేరు ప్రపంచాలు.

ఒక్క ఏడాది టీఎఫ్ఆర్ చూసి టెన్షన్ పడవద్దు, సంబరపడవద్దు. జపాన్‌లో 1966లో అది 1.58కి పడిపోయింది. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లలు భర్తకు అచ్చిరారన్న నమ్మకమే కారణం. మరుసటి ఏడు 2.23. చెక్ దేశంలో 1999లో 1.13. అప్పుడు దాన్నే 2100 దాకా పొడిగించినవాళ్ళకు ఆ దేశం దాదాపు మాయమైపోయినట్టు కనిపించి ఉంటుంది. నిజానికి స్త్రీలు బిడ్డల్ని కనడం మానలేదు, ఇరవైల మొదట్లో కనే అలవాటు ముప్ఫైలకు జరిగింది. వాయిదా పడుతున్నన్నాళ్ళూ రేటు అసలుకన్నా తక్కువగా కనిపించింది. 2021కి అది 1.83కి చేరింది, ఆ తర్వాత మళ్ళీ దిగింది. వాయిదా జరుగుతోందా లేదా తెలుసుకోవాలంటే మొదటి బిడ్డ పుట్టినప్పటి తల్లి సగటు వయసు చూడండి. అది ఏటేటా పెరుగుతుంటే టీఎఫ్ఆర్ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తున్నట్టే. ఇంకా మంచిది, 45 దాటిన స్త్రీలకు మొత్తం ఎంతమంది పిల్లలున్నారో చూడటం. ఆ సంఖ్య ఇక దాదాపు మారదు.

ప్రభుత్వ విధానం మీద కూడా మితంగా నమ్మకం పెట్టుకోండి. రుమేనియా 1966లో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. టీఎఫ్ఆర్ 1.9 నుంచి ఒక్క ఏడాదిలో 3.7కు ఎగిరింది, తర్వాత కొన్నేళ్ళకే మళ్ళీ కిందికి జారింది. ఆ నిషేధం వల్ల ఎందరో తల్లులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చైనా 2016లో ఇద్దరు పిల్లలకు అనుమతిచ్చింది. ఆ ఏడాది 1 కోటి 79 లక్షల జననాలు, 2023లో 90 లక్షలే.

రేటు తగ్గినా జనం ఎందుకు పెరుగుతారు

మీ షీట్ మొదటిసారి నడిపినప్పుడు మీకు అనుమానం వచ్చే చోటు ఇది. టీఎఫ్ఆర్ 1.9 పెట్టారు, అయినా మొత్తం ఇరవై ముప్ఫై ఏళ్ళు పెరుగుతూనే ఉంది. ఫార్ములా తప్పేమో అనిపిస్తుంది. తప్పు లేదు. ఒకప్పుడు ఎక్కువమంది పుట్టిన తరం ఇప్పుడు తల్లుల వయసులో ఉంది. ఒక్కొక్కరికీ తక్కువ పిల్లలే అయినా తల్లుల సంఖ్య పెద్దది, చనిపోయే వయసులో ఉన్నవాళ్ళ సంఖ్య చిన్నది. నాథన్ కీఫిట్జ్ 1971లో దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. దీన్ని జనాభా ఊపు అందాం. చైనాలో రేటు 1990ల మొదట్లోనే భర్తీ స్థాయికన్నా కిందికి దిగింది, జనాభా తగ్గడం మొదలైంది మాత్రం 2022లో. జపాన్ 1970ల మధ్యనుంచీ కిందే ఉంది, శిఖరం చేరింది 2008 ప్రాంతంలో. భారత్‌లో రేటు 2019–21 సర్వే నాటికే 2.0కు వచ్చింది, ఐక్యరాజ్యసమితి లెక్కలో శిఖరం 2060ల్లో. ఊపు రెండో వైపూ పనిచేస్తుంది. తక్కువమంది పుట్టిన తరం తల్లులయ్యే వయసుకు వచ్చాక, రేటును 2.1కు పెంచినా జనాభా చాలాకాలం తగ్గుతూనే ఉంటుంది.

మీ దేశంలో ఊపు ఎంతుందో చూడాలంటే ఒక సులువైన ప్రయోగం చెయ్యండి. మొదటి అడుగునుంచే టీఎఫ్ఆర్‌ను భర్తీ స్థాయికి మార్చి, మరణాల్ని ఇప్పటిలాగే ఉంచి, వలస సున్నా పెట్టి వందేళ్ళు నడపండి. వలసకు నేను సున్నా ఒప్పుకునేది పోలిక కోసం చేసే ఇలాంటి ప్రయోగాల్లోనే. చివర్లో వచ్చిన మొత్తాన్ని ఇవాళ్టి మొత్తంతో భాగించండి. ఒకటికన్నా ఎంత ఎక్కువ వస్తే అంత పెరుగుదల ఇప్పటి వయసుల్లోనే దాగి ఉందన్నమాట.

వెనక్కి వెళ్ళి పరీక్షించడం

ఎవరికైనా చూపించే ముందు ఇరవై ఏళ్ళ కిందటి సెన్సస్ తీసుకుని, అప్పుడు తెలిసిన సమాచారంతోనే ఇవాళ్టికి లెక్క నడపండి. మొత్తం సరిపోయిందని సంతోషించకండి. పిల్లల దగ్గర ఎక్కువై, యువకుల దగ్గర తక్కువై, రెండూ ఒకదాన్నొకటి కప్పేసి మొత్తం సరిపోవచ్చు. ప్రతి గడిలో తేడా చూడండి. 0–4లో తేడా వస్తే పుట్టుకల ఊహ తప్పింది. 20–34లో వస్తే దాదాపు ఎప్పుడూ వలసే. 80 పైన వస్తే మరణాలు, లేదా మొదట్లో వయసులు తప్పుగా నమోదై ఉండటం. తప్పు ఏ వయసులో ఉందో తెలిస్తే దేన్ని సరిచెయ్యాలో తెలిసినట్టే.

తర్వాత ఒక్కో ఊహను ఒక్కొక్కసారే మార్చి చూడండి. మూడింటినీ ఒకేసారి మారిస్తే దేని వల్ల ఏమైందో చెప్పలేరు. మొదటి పదేళ్ళలో వలస మార్పే ఎక్కువగా కనిపిస్తుంది. ఇరవై అయిదేళ్ళు దాటాక పుట్టుకల మార్పు ముందుకొస్తుంది, ఎందుకంటే అప్పుడు పుట్టినవాళ్ళు తల్లులవుతారు. మరణాల మార్పు మొత్తంలో అంతగా కనిపించదు గాని 75 దాటినవాళ్ళ వరుసలో బాగా కనిపిస్తుంది. బడులు కట్టేవాళ్ళకు మొదటి వరుసలు కావాలి, పెన్షన్లు చూసేవాళ్ళకు చివరి వరుసలు. ఎవరడిగారో తెలుసుకుని, వాళ్ళకు కావలసిన వయసుల్ని ఏ ఊహ ఎక్కువగా కదిలిస్తుందో దాని మీద సమయం పెట్టండి.

లెక్క అప్పగించేటప్పుడు ఒక్క గీత ఇవ్వకండి. కనీసం మూడు ఇవ్వండి, పక్కనే ప్రతి గీత వెనక ఉన్న టీఎఫ్ఆర్, ఆయుర్దాయం, నికర వలస అంకెలు రాయండి. 3,84,27,519 అని చివరి అంకె దాకా చూపించకండి, 3.8 కోట్లు అనండి. ఐక్యరాజ్యసమితి కూడా ఇప్పుడు ఇంత శాతం అవకాశంతో ఈ హద్దుల మధ్య ఉంటుంది అనే చెబుతోంది. ప్రపంచ జనాభా 2080ల మధ్యలో దాదాపు 1,030 కోట్ల దగ్గర శిఖరం చేరుతుందన్న దాని 2024 అంచనా కూడా అలాంటి హద్దుల మధ్య గీతే.

కొత్త సెన్సస్ రాగానే లెక్క మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. పాత ఫైలును చెరిపేయకండి. కొత్త అంకెల్ని దాని పక్కన పెట్టి, ఏ వయసులో ఎంత తేడా వచ్చిందో చూసి, ఆ తేడాలను ఊహల షీట్లో తేదీతో సహా రాసి, అప్పుడు కొత్త ఫైలు తెరవండి.